జైనబ్ ఏడవకపోయి ఉంటే

683 ఆగస్టు నెలాఖరున మదీనా ఊరి బయట, నల్లటి అగ్నిపర్వతపు రాళ్ళు పరుచుకున్న హర్రా అనే చోట ఒక యుద్ధం జరిగింది. ఒకవైపు ఖలీఫా యజీద్ డమాస్కస్ నుంచి పంపిన సైన్యం, దానికి సేనాని ముస్లిం ఇబ్న్ ఉఖ్బా. ఇంకోవైపు యజీద్‌ని ఖలీఫాగా ఒప్పుకోం పొమ్మన్న మదీనా జనం. ప్రవక్త ముహమ్మద్ సమాధి ఉన్న ఊరది. ఆయనతో కలిసి నమాజు చేసిన ముసలివాళ్ళు కొందరు ఇంకా బతికే ఉన్నారు. ఆ యుద్ధంలో మదీనావాళ్ళు ఓడిపోయారు. గెలిచిన సైన్యం మూడు రోజులపాటు ఊరిని దోచుకుంది. చనిపోయినవాళ్ళలో మదీనా నాయకుడు అబ్దుల్లా ఇబ్న్ హంజలా ఉన్నాడు. ఆయన తండ్రి ఉహుద్ యుద్ధంలో ప్రవక్త పక్షాన పోరాడి ప్రాణం విడిచినవాడు.

దానికి మూడేళ్ళ ముందు, 680 అక్టోబరు 10న, ఇరాక్‌లో యూఫ్రటీస్ నదికి కూతవేటు దూరంలో, కర్బలాలో ఒక్క పూటలో ముగిసిపోయిన పోరు ఇంకొకటి. ఒకవైపు వేల సైన్యం, ఇంకోవైపు సంప్రదాయం చెప్పే లెక్క ప్రకారం 72 మంది.

రెండూ యజీద్ పాలనలో జరిగినవే. ప్రాణనష్టం చూస్తే హర్రాలో ఎన్నో రెట్లు ఎక్కువ. జరిగిన స్థలం చూసినా ఇస్లాంలో రెండో పవిత్ర నగరం. అయినా హర్రా పేరు మనలో ఎందరు విన్నారు? ఏ ఊళ్ళో హర్రా కోసం జెండా ఎత్తుతారు? కర్బలా కోసమైతే బాగ్దాద్ నుంచి లక్నో దాకా, హైదరాబాద్ డబీర్‌పురా నుంచి అనంతపురం జిల్లా గూగూడు దాకా 1,300 ఏళ్ళు దాటినా జనం కదులుతూనే ఉన్నారు. చరిత్ర చదివేటప్పుడు నన్ను వదలకుండా పట్టుకున్న ప్రశ్న ఇది. దీనికి నాకు దొరికిన జవాబు ఒక స్త్రీ పేరు. హుసేన్ చెల్లెలు, అలీ ఫాతిమాల కూతురు జైనబ్.

హుసేన్ ప్రవక్త మనవడు కాబట్టి గుర్తుపెట్టుకున్నారు, ఇందులో వింతేముంది అనవచ్చు. అలాగైతే ఆయన అన్న హసన్ సంగతి చూడండి. ఆయనా అదే ఫాతిమా కొడుకే, అదే ప్రవక్త మనవడే, పైగా పెద్దవాడు. తండ్రి అలీని 661లో ఇరాక్‌లోని కూఫా మసీదులో, ఆయన మీద తిరగబడ్డ ఖారిజీ వర్గంవాడు ఒకడు కత్తివేటుతో చంపాక హసన్ ఖలీఫా అయ్యాడు. ముసల్మానులు ఒకరి రక్తం ఒకరు కళ్ళజూడటం చాలనుకుని కొద్ది నెలలకే ఆ పదవి సిరియాని ఏలుతున్న ఉమయ్యా వంశపు ముఆవియాకి వదిలేశాడు. సుమారు 670లో మదీనాలో చనిపోయాడు. విషం పెట్టారని చాలా గ్రంథాలు చెబుతాయి. తాతగారి పక్కన పూడ్చబోతే ఉమయ్యా వంశంవాళ్ళు అడ్డం తిరిగారు, చివరికి బఖీ శ్మశానానికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఇంత అన్యాయం జరిగినా హసన్ కోసం లోకం హుసేన్ కోసం ఏడ్చినట్టు ఏడవలేదు. కాబట్టి చుట్టరికం ఒక్కటే చాలదు. చనిపోయిన తీరు ముఖ్యమే, కాదనను. కానీ ఆ తీరు ఎలాంటిదో ఎవరో ఒకరు చూసి, బతికి, మోసుకొచ్చి చెప్పాలి కదా.

కర్బలా కథ తెలియనివాళ్ళ కోసం టూకీగా చెబుతాను. 680 ఏప్రిల్‌లో ముఆవియా చనిపోయి కొడుకు యజీద్ గద్దెనెక్కాడు. హుసేన్ అతనికి విధేయత ప్రకటించకుండా మదీనా విడిచి మక్కా చేరాడు. నువ్వొస్తే నీ వెంట నిలబడతామంటూ కూఫా నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి. పరిస్థితి చూసి రమ్మని పెదతండ్రి కొడుకు ముస్లిం ఇబ్న్ అఖీల్‌ని ముందుగా పంపాడు. యజీద్ అప్పటికే బస్రాని ఏలుతున్న ఉబైదుల్లా ఇబ్న్ జియాద్‌కి కూఫా కూడా అప్పగించాడు. అతను వచ్చీరాగానే ఊరు జడిసిపోయింది, ముస్లింని చంపేశారు. ఆ కబురు చేరేటప్పటికి హుసేన్ ఇంటిల్లిపాదితో దారిలో ఉన్నాడు. కవి ఫరజ్‌దఖ్ దారిలో ఎదురై, కూఫావాళ్ళ మనసులు నీవైపే ఉన్నాయి, కత్తులు మాత్రం ఉమయ్యాల వైపున్నాయి అన్నాడంటారు. ముహర్రం 2న కర్బలా చేరారు. ఇబ్న్ జియాద్ సేనాని ఉమర్ ఇబ్న్ సాద్ నాలుగు వేల మందితో వచ్చి అడ్డగించాడు. ముహర్రం 7 నుంచి నీళ్ళు ఆపేశారు. పదో రోజు మధ్యాహ్నం దాటేసరికి అంతా అయిపోయింది.

అక్కడి నుంచే నాకు అసలు చరిత్ర మొదలవుతుంది. మన ఉపన్యాసాల్లో, ముహర్రం రోజున పత్రికల్లో వచ్చే చిన్న వ్యాసాల్లో కథ అక్కడే ఆగిపోతుంది. సత్యం కోసం ప్రాణాలిచ్చాడు, ధన్యుడు, అయిపోయింది. కానీ పదో రోజు సాయంత్రం మిగిలినవాళ్ళెవరు? హుసేన్ వైపు నుంచి బతికిన మగవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆయన కొడుకు అలీ జబ్బుపడి గుడారంలోనే ఉండిపోయాడు. ఆయన భార్య రబాబ్ దగ్గర సేవకుడిగా ఉన్న ఉఖ్బా ఇబ్న్ సిమాన్ బానిస అని వదిలేశారు. దహ్హాక్ అనే ఒకతను నా పోరాటం నీకు పనికొచ్చినంతవరకే ఉంటానని ముందే మాట తీసుకుని, చివరిదాకా పోరాడి, గుడారంలో దాచుకున్న గుర్రమెక్కి తప్పించుకున్నాడు. మిగతావాళ్ళు ఆడవాళ్ళు, పిల్లలు. వాళ్ళందరికీ పెద్దదిక్కు యాభై దాటిన జైనబ్.

ముందు రోజు రాత్రి జరిగినదాన్ని, అప్పుడు జబ్బుతో పడుకుని ఉన్న ఆ అలీయే తర్వాత చెప్పాడు. మేనత్త జైనబ్ తన పక్కన కూర్చుని సేవ చేస్తోంది. బయట తండ్రి, లోకం ఎంత నమ్మరాని స్నేహితురాలో చెప్పే పద్యాలు చదువుకుంటున్నాడు. పిల్లవాడికి సంగతి అర్థమైంది, గొంతు దిగమింగుకున్నాడు. మేనత్త ఆగలేకపోయింది. పైబట్ట నేలమీద జీరాడుతుండగా పరుగెత్తి, ఈరోజే మా అమ్మ ఫాతిమా, నాన్న అలీ, అన్న హసన్ పోయినట్టుందని గోలుగోలున ఏడ్చి, ముఖం బాదుకుని స్పృహ తప్పింది. హుసేన్ ఆమె ముఖాన నీళ్ళు చల్లి తేరుకున్నాక ఒట్టు పెట్టి మరీ చెప్పాడు: నేను పోయాక బట్టలు చించుకోకు, ముఖం గీరుకోకు, నా కోసం శోకాలు పెట్టకు.

ఈ మాట నా వాదానికి అడ్డం వచ్చేదే. దాచిపెట్టి రాయలేను. హుసేన్ వద్దన్నాడు. దాని వెనక పెద్ద సంగతే ఉంది. ఇస్లాంకి ముందు అరబ్బుల్లో చనిపోయినవారి కోసం రాగం తీసి ఏడ్చే ఆడవాళ్ళుండేవాళ్ళు. ఆ ఏడుపు పగని రాజేసేది, ఒక తెగ ఇంకో తెగ మీదికి కత్తి దూసేలా చేసేది. ప్రవక్త దాన్ని ఆపాలని చూశాడు. చెంపలు బాదుకోవడం, బట్టలు చించుకోవడం మనవాళ్ళ పద్ధతి కాదని ప్రవక్త అన్న మాట, హదీసుల సంకలనమైన బుఖారీలోనే ఉంది. కానీ అదే ప్రవక్త 625లో ఉహుద్ నుంచి తిరిగొచ్చి, మదీనా ఇళ్ళలో ఆడవాళ్ళు తమ తమ మృతుల కోసం ఏడుస్తుంటే విని, మా హంజాకి మాత్రం ఏడ్చేవాళ్ళు లేకపోయారే అన్నాడు. హంజా ఆయన పినతండ్రి, ఆ యుద్ధంలో ఈటె దెబ్బకి చనిపోయాక దేహం చీల్చబడ్డవాడు. ఆ మాట విన్న అన్సార్ స్త్రీలు, అంటే ప్రవక్తకి ఆశ్రయమిచ్చిన మదీనావాళ్ళ ఆడవాళ్ళు, వచ్చి హంజా కోసం ఏడ్చారు. ఆ తర్వాతే ఆయన బిగ్గరగా శోకాలు పెట్టడం వద్దన్నాడని ఆ కథనమే చెబుతుంది. వద్దనడమూ ఉంది, ఏడ్చేవాళ్ళు లేరే అన్న బాధా ఉంది. ఈ రెండింటిలో ఒకదాన్నే పట్టుకుని రెండోదాన్ని పారేయడం నాకు న్యాయంగా అనిపించదు.

పోరు ముగిసిన మర్నాడు జైనబ్ ఏం చేసింది? బందీలుగా తీసుకుపోతూ వాళ్ళని చచ్చిపడినవాళ్ళ పక్కనుంచే నడిపించారు. అప్పుడు ఆమె నోట వచ్చిన మాటలు చరిత్రకారుడు తబరీ గ్రంథంలో ఉన్నాయి. ఓ ముహమ్మదా, ఆకాశంలోని దేవదూతలు నీకు సలాము చెబుతారు. ఇడుగో హుసేన్, బయలున పడి ఉన్నాడు, నెత్తుటిలో తడిసి, అంగాలు తెగి. ఓ ముహమ్మదా, నీ ఆడపిల్లలు బందీలైపోయారు, నీ సంతానం చంపబడింది, తూర్పుగాలి వాళ్ళ మీద దుమ్ము కప్పుతోంది.

ఈ మాటలు మనకి చెప్పినవాడు ఖుర్రా ఇబ్న్ ఖైస్ అనే తమీమ్ తెగవాడు. అతను హుసేన్ మనిషి కాదు. ఉమర్ ఇబ్న్ సాద్ సైన్యంలోనివాడు. ఏది మరిచినా ఫాతిమా కూతురు జైనబ్ తన అన్న పక్కగా పోతూ అన్న ఆ మాటలు మరిచిపోలేను, మిత్రులనీ శత్రువులనీ కూడా ఆమె ఏడిపించింది అని అతనే చెప్పుకున్నాడు.

ఆ శోకంలో ఏముందో ఒకసారి నెమ్మదిగా చూడండి. చనిపోయింది ఎవరు, ఎక్కడ పడి ఉన్నాడు, దేహం ఏ స్థితిలో ఉంది, పూడ్చారా లేదా, ఆడవాళ్ళు ఏమయ్యారు, ఇంకెవరెవరు పోయారు. అది పంచనామా. అది కూడా ఎవరికి చదివి వినిపిస్తోంది? ఎదురుగా నిలబడిన సైన్యం రోజుకి ఐదుసార్లు ఎవరి పేరు తలుస్తుందో ఆయనకే. ముహమ్మద్ మనవణ్ణి చంపి, ముహమ్మద్ పేరు తలచి నమాజు చేసేవాళ్ళ నడుమ నిలబడి, ఆమె ఫిర్యాదు నేరుగా ముహమ్మద్‌కే చేసింది. ముఖం గీరుకుందని ఖుర్రా చెప్పలేదు, బట్టలు చించుకుందనీ చెప్పలేదు. చెప్పింది మాటలే. అన్న మాట జవదాటకుండానే అన్న కోసం ఎంత ఏడవాలో అంతా ఏడ్చిందని నేను అనుకుంటాను.

మన ఊళ్ళలో చావింట ఆడవాళ్ళు శోకం పెట్టడం చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. మా నాయనమ్మ తరం స్త్రీలు పోయినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తూ, ఎప్పుడో పోయిన పెద్దలని కూడా పిలుస్తూ, ఆ మనిషి బతుకంతా వరస తప్పకుండా చెబుతూ ఏడ్చేవాళ్ళు. ఆస్తి తగాదాలు, పెట్టని అన్నం, చేయించని వైద్యం అన్నీ అందులోనే బయటపడేవి. వినకూడనివాళ్ళు తలవంచుకుని నిలబడేవాళ్ళు. మగవాళ్ళ పంచాయితీలో ఎన్నడూ నోరు విప్పని ఆడవాళ్ళకి నిజం చెప్పే చోటు అదొక్కటే. దాన్ని చదువుకున్నవాళ్ళం ఆడవాళ్ళ ఏడుపు అని ఒక్క మాటతో కొట్టిపారేశాం.

చరిత్ర రాసేవాళ్ళు మాత్రం కొట్టిపారేయలేదు. కూఫాలో అబూ మిఖ్నఫ్ అనే కథనకర్త ఉండేవాడు. 774లో చనిపోయాడు. కర్బలా చూసినవాళ్ళ నుంచి, వాళ్ళ దగ్గర విన్నవాళ్ళ నుంచి ఒక్కొక్క మాటా ఏరి, ఎవరు ఎవరికి చెప్పారో పేర్లతో సహా రాశాడు. ఆయన రాసింది శిష్యుడు హిషామ్ ఇబ్న్ అల్ కల్బీ ద్వారా, 923లో చనిపోయిన మహా చరిత్రకారుడు తబరీకి చేరింది. ఈరోజు కర్బలా గురించి ఎవరేం రాసినా మొట్టమొదట తెరిచేది ఆ పుటలే. ఆ పుటల్లో సాక్షులెవరంటే, ముందు చెప్పిన బానిస ఉఖ్బా, పారిపోయిన దహ్హాక్, జబ్బుపడ్డ కొడుకు, బందీగా పోయిన ఆడపిల్లలు, ఇంకా శత్రు సైన్యంలో నిలబడి చూసిన ఖుర్రా లాంటివాళ్ళు, హుమైద్ ఇబ్న్ ముస్లిం లాంటివాళ్ళు. హుసేన్ పెద్దకొడుకు అలీ అక్బర్ కూలిపోయినప్పుడు గుడారంలోంచి ఒక స్త్రీ ఉదయించే సూర్యుడిలా బయటికి దూసుకొచ్చి ఆ శవం మీద పడిందని హుమైద్ చెప్పాడు. ఎవరని అడిగితే జైనబ్ అన్నారట. యుద్ధం చూడ్డానికి వచ్చిన సైనికుడికి జీవితాంతం గుర్తుండిపోయింది ఆమె.

కూఫాలో ఇబ్న్ జియాద్ దర్బారు, డమాస్కస్‌లో యజీద్ దర్బారు. ఒక్కోచోట ఆమె ఒక్కో ప్రాణాన్ని కాపాడింది. కూఫాలో జబ్బుపడ్డ మేనల్లుణ్ణి చంపమని ఇబ్న్ జియాద్ ఆజ్ఞాపిస్తే వాణ్ణి కావలించుకుని, చంపితే నన్నూ వాడితోపాటు చంపు అంది. షియాల ఇమాముల పరంపర ఆ ఒక్క కుర్రాడి నుంచే సాగింది. డమాస్కస్‌లో ఒక సిరియావాడు లేచి బందీల్లోని ఒక ఆడపిల్లని చూపించి నాకిచ్చెయ్యమని యజీద్‌ని అడిగాడు. అది నీ తరమూ కాదు, అతని తరమూ కాదు అని జైనబ్ కస్సుమంది. యజీద్ కోపంతో ఊగిపోయాడు. అధికారం చేతిలో ఉంది కాబట్టి అన్యాయంగా తిడుతున్నావు, నీ బలం చూపిస్తున్నావు అని ఆమె అనేసరికి నోరు మూసుకున్నాడు.

తర్వాత జరిగింది నాకు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. బందీలని యజీద్ ఇంట్లోకి పంపిస్తే ముఆవియా కుటుంబపు ఆడవాళ్ళంతా ఏడుస్తూ ఎదురొచ్చారు. మూడు రోజులు హుసేన్ కోసం శోకం పాటించారు. ఎవరి సైన్యం హుసేన్ తల తెంచిందో వాళ్ళ ఇంట్లో, వాళ్ళ ఆడవాళ్ళ నడుమ!

మదీనాకి కబురు వచ్చినప్పుడు బనూ హాషిం, అంటే ప్రవక్త వంశపు ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అఖీల్ కూతురు తలమీద ముసుగు లేకుండా బయటికొచ్చి, రేపు ప్రవక్త నా తర్వాత నా వాళ్ళని మీరేం చేశారని అడిగితే ఏం చెబుతారని పద్యం చదివింది. ఆ ఏడుపు విని ఊరి అధికారి అమ్ర్ ఇబ్న్ సయీద్ నవ్వాడు. ఉస్మాన్ కోసం మేం ఏడ్చిన ఏడుపుకి ఇది బదులు అన్నాడు. 656లో ఖలీఫా ఉస్మాన్‌ని ఇదే మదీనాలో ఇంట్లో చొరబడి చంపారు, ఉమయ్యా వంశం ఆ పగని పాతికేళ్ళు మోసింది. అధికారంలో ఉన్న మనిషికి ఆడవాళ్ళ ఏడుపు ఎంత బరువైనదో బాగా తెలుసు. తెలుసు కాబట్టే నవ్వాడు.

ఇంకో తల్లి ఉంది. కర్బలాలో నీళ్ళ కోసం పోయి చనిపోయిన హుసేన్ సవతి తమ్ముడు అబ్బాస్ తల్లి ఉమ్ముల్ బనీన్. నలుగురు కొడుకులూ అక్కడే పోయారు. ఆమె రోజూ బఖీ శ్మశానానికి పోయి కొడుకుల కోసం శోకం పెట్టేదని, జనం వినడానికి చేరేవారని, హాషిం వంశానికి బద్ధశత్రువైన మర్వాన్ కూడా వచ్చి విని ఏడ్చేవాడని పదో శతాబ్దపు రచయిత అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ రాశాడు.

ఇప్పుడు హర్రాకి మళ్ళీ వద్దాం. అక్కడా తల్లులున్నారు, చెల్లెళ్ళున్నారు, ఏడవలేదని ఎలా అంటాం? కానీ వాళ్ళ ఏడుపు ఊరు దాటలేదు. కర్బలా బందీలని కూఫా వీధుల్లో, డమాస్కస్ వీధుల్లో తిప్పడం గెలిచినవాళ్ళు చేసిన పెద్ద తప్పు. అవమానించాలని తిప్పారు, సాక్షులని ఊరూరా తామే మోసుకుపోయినట్టయింది. పైగా కూఫాకి సిగ్గుంది. ఉత్తరాలు రాసి పిలిచి గుమ్మం మూసేసిన ఊరది. 684లో సులైమాన్ ఇబ్న్ సురద్ అనే వృద్ధుడి వెనక నాలుగు వేల మంది మగవాళ్ళు హుసేన్ సమాధి దగ్గరకి పోయి ఒక పగలూ రాత్రీ ఏడ్చారు. మక్కాలో నల్లరాతి దగ్గరకంటే ఎక్కువ తొక్కిసలాట అయిందని ఒకరు చెప్పుకున్నారు. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని మనకొక పాడు సామెత ఉంది. ఆ నాలుగు వేల మందిలో చాలామంది 685 జనవరిలో ఐనుల్ వర్దా దగ్గర సిరియా సైన్యంతో పోరాడి చనిపోయారు. ఆ తర్వాత ముఖ్తార్ అనే తిరుగుబాటుదారు కూఫాని పట్టుకుని, కర్బలాలో సైన్యం నడిపిన ఉమర్ ఇబ్న్ సాద్‌నీ షిమ్ర్‌నీ చంపించడం, 686లో ఇబ్న్ జియాద్ యుద్ధంలో హతమవడం, అదంతా కత్తుల కథ. నాకు దాని మీద అంత ఆసక్తి లేదు.

సమాధి మీదికి కూడా అధికారం వచ్చింది. 850 ప్రాంతంలో అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ హుసేన్ సమాధిని కూల్చి, ఆ నేల దున్నించి, విత్తనం వేయించి, అక్కడికి ఎవరూ పోకూడదని శాసించాడు. నేలని దున్నవచ్చు, నోళ్ళని దున్నలేడు కదా! వందేళ్ళు దాటాక 963లో, అదే అబ్బాసీల బాగ్దాద్‌లో, బువైహీ పాలకుడు ముయిజ్జుద్దౌలా ముహర్రం పదిన అంగళ్ళు మూయించి, వీధుల్లో బహిరంగంగా శోకదినం జరిపించాడు. ఆ రోజు జుట్టు విరబోసుకుని ముఖాలకి మసి పూసుకుని నడిచింది ఆడవాళ్ళే.

ఇంతవరకూ నేను చెప్పినదంతా నమ్మకస్తుల కథలా అనిపించి, కల్పన ఎంత అని అడగాలనిపిస్తే అడగండి. ఉంది. శోకం కాలంతోపాటు పెరుగుతుంది. దేవుడు మీ వాళ్ళకి చేసింది చూశావా అని ఇబ్న్ జియాద్ ఎత్తిపొడిస్తే, నాకు అందం తప్ప ఇంకేమీ కనిపించలేదు అని జైనబ్ అన్నట్టు ఈరోజు ప్రతి మజ్లిస్‌లో, అంటే ముహర్రం శోకసభలో, చెబుతారు. తబరీలో ఆ మాట లేదు. దేవుడు వాళ్ళకి మరణం రాశాడు, వాళ్ళు తమ చోటుకి నడిచిపోయారు, రేపు ఆయన ముందు నువ్వూ వాళ్ళూ తేల్చుకుంటారు అన్నంతే ఉంది. నాకు ఆ పాత మాటే గట్టిగా అనిపిస్తుంది. బిడ్డల శవాలు చూసిన కొద్ది రోజులకే అందం గురించి మాట్లాడటం కంటే, నీ సంగతి అక్కడ తేలుతుందిలే అనడం మనిషి అనే మాట. జైనబ్ కూఫా ప్రసంగమని ప్రసిద్ధమైనదాన్ని 893లో చనిపోయిన బాగ్దాద్ రచయిత ఇబ్న్ అబీ తాహిర్, ఆడవాళ్ళ వాక్కు మీద కూర్చిన సంకలనంలో ఆమె చెల్లెలు ఉమ్మె కుల్సూం పేరు మీద ఇచ్చాడు. హసన్ కొడుకు ఖాసింకి కర్బలాలోనే పెళ్ళి జరిగిందన్న కథ పాత గ్రంథాల్లో కనిపించదు. 16వ శతాబ్దం మొదట్లో హెరాత్‌లో వచ్చిన ఒక పారశీక గ్రంథం దాన్ని ఊరూరా చేర్చింది. దక్కన్‌లో ముహర్రం 7న ఖాసిం మెహందీ ఎత్తుతారు. పెళ్ళి జరిగిందని నేను నమ్మను. కానీ గోరింటాకు ఆరకముందే పోయిన పెళ్ళికొడుకు లేకుండా మన ఆడవాళ్ళ శోకం పూర్తికాదని మాత్రం నాకు తెలుసు. జైనబ్ సమాధి డమాస్కస్ దగ్గరా ఉంది, కైరోలోనూ ఉంది. హుసేన్ తల కర్బలాలో ఉందంటారు, డమాస్కస్‌లో ఉందంటారు, అస్ఖలాన్ నుంచి 1153లో తరలించి కైరోలో పెట్టామంటారు. ఇవన్నీ ఒకేసారి నిజం కాలేవు. వీటిలో ఏది ఎప్పుడు చేరిందో వేరుచేసి చెప్పుకోవాల్సిందే. వేరుచేయడం వేరు, విసిరేయడం వేరు.

మన నేల మీద జరుగుతున్న విసిరివేత చూస్తుంటే నాకు బాధగా ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. హైదరాబాద్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలోనే ముహర్రం శోకానికి బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కట్టించాడు, దక్కనీలో తానే మర్సియాలనే శోకగీతాలు రాశాడు. డబీర్‌పురాలో బీబీ కా అలావా నుంచి ఫాతిమా పేరిట ఎత్తే అలం అనే జెండా ముహర్రం పదిన ఏనుగు మీద బయలుదేరి చాదర్‌ఘాట్ దాకా పోతుంది. అక్కడి నుంచి ఊళ్ళకి పాకి అది మన పీర్ల పండుగ అయింది. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని పల్లెల్లో పీర్ల చావిడి ఉంటుంది. గుండం తవ్వుతారు, ఊదు వేస్తారు, పీర్లకి దట్టీలు కడతారు, మలీదా చేసి పంచుతారు, దాహం తీర్చుకోలేకపోయినవాళ్ళ పేరు మీద పానకం పోస్తారు. గుండం చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు.

ఇప్పుడు మా వైపు ఊళ్ళలో మూడు వైపుల నుంచి ఒకే మాట వినిపిస్తోంది. ఇది ఇస్లాం కాదు అని కొందరు ముస్లిం యువకులు. ఇది మన పండుగ కాదు అని కొందరు హిందూ యువకులు. ఇది మూఢనమ్మకం అని చదువుకున్నవాళ్ళు. మొదటివాళ్ళకి ధర్మం విషయంలో నేను జవాబు చెప్పను, అది వాళ్ళ విశ్వాసం, వాళ్ళ పండితులు చూసుకుంటారు. కానీ చరిత్ర విషయంలో చెబుతాను: మీరు ప్రేమించే హుసేన్ గురించి మీకు తెలిసినదంతా శోకం పెట్టినవాళ్ళు గుర్తుపెట్టుకుంటేనే మీదాకా వచ్చింది. రెండోవాళ్ళకి ఒకటే చెబుతాను. తాతల కాలం నుంచి మీ ఇంటి గొంతులు పాడినదాన్ని మీది కాదనే హక్కు, పోయిన ఆ తాతలకి తప్ప ఇంకెవరికీ లేదు. మూడోవాళ్ళలో నా స్నేహితులే ఎక్కువ. ఊళ్ళోవాళ్ళకి కర్బలా ఏ దేశంలో ఉందో కూడా తెలియదు అంటారు. నిజమే, చాలామందికి తెలియదు. నీళ్ళు ఆపారని తెలుసు, పసివాడికి కూడా గుక్కెడు ఇవ్వలేదని తెలుసు, మాటిచ్చినవాళ్ళు రాలేదని తెలుసు. ఇంతకంటే ముఖ్యమైనది ఏ పటంలో ఉంది?

ఆ పాటల్లో తప్పులున్నాయి. మా వైపు హసన్ హుసేన్లు అన్నదమ్ములిద్దరూ ఒకే యుద్ధంలో పక్కపక్కన నిలబడి పోరాడతారు. హసన్ అప్పటికి పదేళ్ళ క్రితమే పోయాడు. చరిత్ర ప్రకారం అది తప్పు. లోకం సరిగ్గా ఏడవని ఆ పెద్దన్నని తమ్ముడి పక్కన నిలబెట్టి ఇద్దరికీ కలిపి ఏడ్చినవాళ్ళు మాత్రం మన పల్లెలవాళ్ళే. ఆ పాట సరిదిద్దాలని నాకు అనిపించదు. పక్కన ఒక వరస రాసి పెట్టుకుంటే చాలు.

నా ఫిర్యాదు వేరే ఉంది. నాకు తెలిసిన ఊళ్ళలో ఫాతిమా పేరిట పీరు చూశాను, ఖాసిం పేరిట చూశాను, అబ్బాస్ పేరిట చూశాను. జైనబ్ పేరిట చూడలేదు. కథ మోసుకొచ్చిన మనిషి కథలో కనిపించకపోవడం కొత్తేమీ కాదు, అయినా ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ముహర్రం గురించి తెలుగులో రాసేవాళ్ళని, మాట్లాడేవాళ్ళని నేను అడిగేది ఇదే: పదో రోజుతో ఆపకండి. పదకొండో రోజు ఆ దారిలో నడిచినవాళ్ళ గురించి కూడా చెప్పండి.

ఇంకొక పని ఎవరైనా చేయగలిగింది. మీ ఇంట్లో, మీ ఊళ్ళో గుండం దగ్గర పాడే ముసలమ్మ ఎవరైనా ఉంటే ఈ ముహర్రంకి ఫోనులో రికార్డు చేయండి. పాటతోపాటు ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడిగి రాసుకోండి. కూఫాలో అబూ మిఖ్నఫ్ చేసింది అచ్చంగా అదే. ఆమె హసన్‌ని యుద్ధంలోకి దింపితే దింపినట్టే రాయండి. పేర్లు మన నోటికి తగ్గట్టు మారిపోయి ఉంటే మారినట్టే రాయండి. పాడుతూ మధ్యలో ఆమె సొంత బిడ్డ పేరు తలచి ఏడిస్తే, రికార్డు ఆపకండి, అది కూడా అందులో భాగమే.